చేతికందని మంచినీళ్ల గ్లాసు: నర్సింగ్‌లో భద్రత, దయ వేర్వేరు పనులు కావు

ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో 2005 నుంచి 2009 దాకా రోగులు పడిన బాధల మీద రాబర్ట్ ఫ్రాన్సిస్ ఆధ్వర్యంలో బహిరంగ విచారణ జరిగింది. 2013 ఫిబ్రవరిలో వచ్చిన ఆ నివేదికలో 290 సిఫార్సులున్నాయి. అందులో మనసును కలచివేసేవి వికటించిన పెద్ద ఆపరేషన్లేమీ కాదు. మంచినీళ్లు రోగి చేతికి అందనంత దూరంలో పెట్టి వెళ్లిపోయారు. సొంతంగా తినలేనివాళ్లకు తినిపించే మనిషి లేడు. బాత్రూమ్‌కి తీసుకెళ్లమని పిలిచినా ఎవరూ రాలేదు. తడిసిన పక్కబట్టల్లోనే మనుషుల్ని చాలాసేపు వదిలేశారు. యాజమాన్యం దృష్టంతా ఖర్చుల మీద, పైవాళ్లు పెట్టిన లక్ష్యాల మీద ఉంది. సిబ్బందిని తగ్గించారు. రోగుల బంధువులు చేసిన ఫిర్యాదులు చెవికెక్కలేదు.

ఇది భద్రతలో లోపమా, దయలో లోపమా? తేల్చి చెప్పడం కష్టం. ఎందుకంటే ఆ రెంటినీ అక్కడ విడదీయలేం.

నర్సింగ్ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మనం విడదీసే మాట్లాడతాం. చేతులు కడుక్కోవడం, మందుల లెక్కలు, చార్టులు ఒకవైపు. ఓపిక, చిరునవ్వు, మంచి మాట ఇంకోవైపు. మొదటిది నేర్చుకునే విద్య, రెండోది పుట్టుకతో వచ్చే స్వభావం అన్నట్టు. చార్టు తప్పు లేకుండా రాసే నర్సు కాస్త కరుకుగా ఉన్నా ఫర్వాలేదని కొందరు, మెత్తగా మాట్లాడే నర్సు ఒక చెక్ మర్చిపోయినా మంచిమనిషేనని ఇంకొందరు సర్దుకుపోతారు. ఈ విభజనే తప్పని నా నమ్మకం. మంచం పక్కన రోజూ జరిగే పనుల్ని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే రెండూ ఒకే చోట నుంచి వస్తాయని తెలుస్తుంది. ఈ మనిషికి ఇప్పుడు ఏమవుతోంది అని ఒక్క నిమిషం ఆగి చూడటమే ఆ చోటు.

నీళ్లు తాగకపోతే ఏమవుతుంది

గ్లాసు సంగతే తీసుకుందాం. మంచంలో ఉన్న మనిషి రెండు మూడు రోజులు సరిగా నీళ్లు తాగకపోతే ఒంట్లో రక్తం పరిమాణం తగ్గుతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోతుంది. పడుకున్నప్పటితో పోలిస్తే, నిలబడిన మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ తగ్గితే ఆ మనిషి కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉందని అర్థం. మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్‌కి దారి దొరుకుతుంది. మలబద్ధకం వస్తుంది. నోరు ఎండిపోతే మాట్లాడటమూ, మింగడమూ కష్టమవుతాయి. వయసు పైబడినవాళ్లయితే ఉన్నట్టుండి తికమకపడి, తామెక్కడ ఉన్నారో తెలియని స్థితికి వెళ్లొచ్చు. మూత్రం గంటకు కిలో బరువుకు అర మిల్లీలీటరు కన్నా తగ్గితే, అంటే 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. కన్నా తక్కువ వస్తుంటే, కిడ్నీలకు రక్తం చాలడం లేదేమోనని అనుమానించాలి. రెండు మూడు గంటలు వరసగా అలా ఉంటే డాక్టరుకు చెప్పి తీరాలి.

ఇదంతా శరీర ధర్మం. అయితే రోగి నీళ్లు ఎందుకు తాగడం లేదన్నది చార్టులో కనిపించదు. గ్లాసు అందకపోవడం ఒక కారణం. ఇంకో కారణం చాలామంది పైకి చెప్పుకోరు: తాగితే బాత్రూమ్‌కి వెళ్లాలి, వెళ్లాలంటే ఎవర్నో పిలవాలి, బెడ్‌పాన్ అడగాలి. నిన్నటిదాకా ఇంటిని నడిపిన మనిషికి, ఆఫీసులో పదిమందికి పని చెప్పిన మనిషికి అది చచ్చేంత సిగ్గు. అందుకని కావాలనే దాహాన్ని అణచుకుంటారు. బెల్ కొట్టినప్పుడు ‘మళ్లీనా?’ అన్న మొహం ఒక్కసారి చూశారంటే ఆ రోజుకిక బెల్ ముట్టుకోరు. ఆ ముఖ కవళిక మర్యాద లోపం మాత్రమే కాదు, వైద్యపరమైన ఫలితం ఉన్న చర్య. దాని ఫలితం మర్నాటి బీపీలో కనిపిస్తుంది.

దీనికి రెండో వైపూ ఉంది, దాన్ని కూడా అంతే గట్టిగా చెప్పాలి. జాలిపడి నీళ్లు తాగించడం కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది. పక్షవాతం వచ్చిన మనిషికి మింగే శక్తి ఎలా ఉందో పరీక్షించకుండా ఒక గుటక పట్టినా అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియాకి దారి తీయొచ్చు. గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరుతున్నవాళ్లకు, కొన్ని కిడ్నీ జబ్బులున్నవాళ్లకు నీళ్లకు కొలత ఉంటుంది. మత్తు ఇవ్వబోయే ముందు కొన్ని గంటలు ఏమీ ఇవ్వకూడదు. అలాంటప్పుడు ‘ఇవ్వకూడదు’ అని చెప్పి వెళ్లిపోవడం సగం పనే. ఎందుకు ఇవ్వకూడదో, ఎప్పటిదాకా ఇవ్వకూడదో చెప్పి, తడి గుడ్డతో పెదవులు తడిపి, నోరు శుభ్రం చేసి వెళితే పని పూర్తవుతుంది. నోటి శుభ్రతను సౌకర్యం కోసమని తేలిగ్గా తీసుకుంటారు గానీ, మురికి నోట్లోని క్రిములు ఊపిరితిత్తుల్లోకి దిగడం ఆసుపత్రి న్యుమోనియాకి ఒక ముఖ్య కారణం.

తినిపించడానికీ ఇదే వర్తిస్తుంది. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న ముద్దలు పెట్టాలి, ఒకటి మింగారని చూశాకే ఇంకొకటి పెట్టాలి. తిన్న తర్వాత ఓ అరగంటైనా పడుకోనివ్వకూడదు. తొందరపెడితే అవమానమూ, ప్రమాదమూ ఒకేసారి జరుగుతాయి.

ఊపిరి లెక్కపెట్టే ఆ ఒక్క నిమిషం

వార్డులో చూసే కొలతల్లో ఉష్ణోగ్రత, పల్స్, బీపీ, ఆక్సిజన్ శాచురేషన్ మెషీన్ చెబుతుంది. శ్వాస రేటును చాలాచోట్ల మనిషే లెక్కపెట్టాలి. రోగి ఛాతీ కదలికను చూస్తూ పూర్తిగా ఒక నిమిషం నిలబడాలి. అందుకే అన్నిటికన్నా ఎక్కువగా అంచనా మీద రాసేసేది ఇదే. చార్టు తిరగేస్తే ఒక వార్డులో అందరికీ 18 లేదా 20 అని కనిపిస్తుందంటే, లెక్కపెట్టలేదనే అనుకోవాలి.

ఇది చిన్న తప్పు కాదు. పరిస్థితి విషమిస్తున్న మనిషిలో చాలాసార్లు ముందుగా మారేది శ్వాస రేటే. రక్తంలో ఆమ్లం పెరిగినా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకినా (దాన్నే సెప్సిస్ అంటారు), ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డ అడ్డుపడినా, శరీరం వేగంగా ఊపిరి పీల్చి దాన్ని సరిదిద్దుకోవాలని చూస్తుంది. శాచురేషన్ ఇంకా 97 చూపిస్తూనే ఉంటుంది. బీపీ ఇంకా నిలబడే ఉంటుంది. బీపీ పడేసరికి చాలా సమయం చేజారిపోయి ఉంటుంది.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో తెచ్చి, 2017లో సవరించిన న్యూస్ (నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్) అనే ముందస్తు హెచ్చరిక స్కోరు ఈ కొలతలన్నిటినీ ఒక అంకెగా కూడుతుంది. శ్వాస రేటు, శాచురేషన్, అదనంగా ఆక్సిజన్ పెట్టారా లేదా, పై బీపీ, పల్స్, స్పృహ, ఉష్ణోగ్రత. శ్వాస నిమిషానికి 12 నుంచి 20 ఉంటే సున్నా, 21 నుంచి 24 ఉంటే 2, 25 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఒక్క దానికే 3. కొత్తగా గందరగోళం మొదలైతే దానికీ 3. మొత్తం 5కి చేరితే డాక్టరు వెంటనే వచ్చి చూడాలి, 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయితే అత్యవసరం. ఏ ఒక్క కొలతకైనా 3 వస్తే, మొత్తం తక్కువగా ఉన్నా తేలిగ్గా వదలకూడదు.

స్కోరు మంచి పనిముట్టే. కానీ అది కొలిచినవాటినే కూడుతుంది. ‘నిన్న పేపర్ చదువుతూ కూర్చున్న మనిషి ఈరోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు’ అన్నదానికి అందులో అంకె లేదు. ‘నాకేదోలా ఉందమ్మా’ అని రోగి అన్నప్పుడు, ‘ఈయన మామూలుగా ఇలా ఉండరు’ అని భార్య అన్నప్పుడు, దాన్ని కూడా ఒక కొలతగా తీసుకోవాలి. పేరు పెట్టి పలకరించి, రోజూ రెండు మాటలు మాట్లాడే నర్సుకే ఆ మార్పు తెలుస్తుంది. పలకరింపు అంటే పరీక్ష కూడా అని నేననేది ఇందుకే. జవాబు ఎంత త్వరగా వచ్చింది, వాక్యం పూర్తి చేయడానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకున్నారు, చెయ్యి చల్లగా ఉందా చెమటగా ఉందా అన్నవి ఆ అర నిమిషంలోనే తెలిసిపోతాయి.

మందు ఇచ్చేటప్పుడు

సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం. ఈ అయిదూ ప్రతి నర్సుకూ కంఠస్థమే. అయినా తప్పులు జరుగుతున్నాయి కాబట్టే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే తీవ్రమైన, నివారించదగ్గ హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని పిలుపునిచ్చింది.

తప్పులు ఎక్కువగా దొర్లేది తెలియక కాదు, మధ్యలో ఎవరో పిలవడం వల్ల, రాత సరిగా లేకపోవడం వల్ల. ఇన్సులిన్ ‘10 యూనిట్లు’ అని పూర్తిగా రాయకుండా ఇంగ్లిషులో పొట్టిగా ‘యు’ అక్షరం తగిలిస్తే, అది సున్నాలా కనబడి 100గా చదివే ప్రమాదం ఉంది. 1.0 అని రాస్తే చుక్క కనబడక 10 అవుతుంది. .5 అని రాస్తే 5 అవుతుంది. అందుకే 1 అని, 0.5 అని రాయాలి. ఇన్సులిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్, గాఢమైన పొటాషియం క్లోరైడ్, మార్ఫిన్ లాంటివాటి మోతాదులో తప్పు జరిగితే దిద్దుకునే సమయం ఉండదు. వాటిని ఇద్దరు నర్సులు విడివిడిగా లెక్కించి సరిచూడాలి. మొదటి నర్సు లెక్క చెబితే రెండో నర్సు తలూపడం సరిచూడటం కాదు.

రోగిని గుర్తించడానికి కనీసం రెండు ఆనవాళ్లు కావాలి: పూర్తి పేరు, దాంతోపాటు పుట్టిన తేదీ గానీ ఆసుపత్రి నంబరు గానీ. మంచం నంబరు ఆనవాలు కాదు, మంచాలు మారుతుంటాయి. ‘మీరు రామారావుగారేనా?’ అని అడగకూడదు. సరిగా వినబడని మనిషి, మగతలో ఉన్న మనిషి దేనికైనా ‘ఆఁ’ అంటారు. ‘మీ పేరు చెప్పండి’ అని అడగాలి.

‘ఇది బీపీ మాత్ర, పొద్దున వేసుకున్నదే మళ్లీ రాత్రికి’ అని చెప్పి ఇవ్వడం రోగి పట్ల గౌరవం. అదే ఆఖరి కాపలా కూడా. ‘నేను రోజూ వేసుకునేది తెల్లగా ఉంటుంది, ఇది గులాబీ రంగులో ఉందేంటి?’ అని రోగి అడిగితే విసుక్కోకుండా ఆగి చూడాలి. వేరే కంపెనీది కావచ్చు. వేరే రోగిది కూడా కావచ్చు. ఆ ప్రశ్న అడిగే ధైర్యాన్ని రోగికి ఇచ్చింది నర్సు మాట తీరే.

మాత్ర వద్దంటే? స్పృహ ఉండి, విషయం అర్థం చేసుకోగల పెద్దవాళ్లకు వద్దనే హక్కు ఉంది. బలవంతం చేయడం, అన్నంలో కలిపేయడం తప్పు. ఎందుకు వద్దంటున్నారో అడిగితే తరచుగా అసలు సమస్య బయటపడుతుంది: వికారంగా ఉంది, గొంతులో అడ్డం పడుతోంది, నిన్న వేసుకుంటే కళ్లు తిరిగాయి. మింగలేకపోతున్నారని మాత్రను పొడి చేసేముందు కూడా ఫార్మసిస్టును అడగాలి. మెల్లగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రను నలిపితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది.

చర్మం చెప్పే సంగతులు

మంచాన పడిన మనిషికి వచ్చే బెడ్‌సోర్‌ను పుండు వచ్చాక చూసుకునే జబ్బుగా చూడకూడదు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చర్మానికి రక్తం అందకపోవడంతో అది మొదలవుతుంది. నడుము కింద, మడమలు, తుంటి పక్కలు, మోచేతులు, తల వెనక భాగం, ఆక్సిజన్ ట్యూబు ఆనే చెవుల వెనక. తడి, జ్వరం, సరిగా తినకపోవడం, స్పర్శ తెలియకపోవడం దాన్ని వేగిరపరుస్తాయి. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ రూపొందించిన బ్రేడెన్ స్కేల్ ఇలాంటి ఆరు అంశాలను కలిపి 6 నుంచి 23 దాకా అంకె ఇస్తుంది. సాధారణంగా 18 లేదా అంతకు తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

మొదటి దశలో చర్మం చిట్లదు. నొక్కితే తెల్లబడని ఎరుపు కనిపిస్తుంది. పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు తెల్ల చర్మం మీదివే. నల్లటి, చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు కనబడకపోవచ్చు. అక్కడ చేత్తో తడిమి చూడాలి: చుట్టుపక్కల కన్నా వేడిగా ఉందా, చల్లగా ఉందా, గట్టిపడిందా, మెత్తబడిందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా. దూరంనుంచి చూసి ‘స్కిన్ ఓకే’ అని రాసే అలవాటు ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లకు ఎక్కువ హాని చేస్తుంది.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం వాడుకలో ఉన్న పద్ధతి. రోగి పరిస్థితిని బట్టి, పరుపును బట్టి ఆ వ్యవధి మారొచ్చు. పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకుండా దిండు ఆసరాతో 30 డిగ్రీల వాలుగా తిప్పితే ఎముక మీద బరువు తగ్గుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాలిలో ఉండేలా చూడాలి. ఎర్రబడినచోట రుద్దకూడదు, మధ్యలో రంధ్రం ఉన్న గుండ్రటి దిండు పెట్టకూడదు. రెండూ మంచి ఉద్దేశంతోనే చేస్తారు, రెండూ కింది కణాలను ఇంకా దెబ్బతీస్తాయి. జరపాల్సి వస్తే లాగకుండా షీటుతో ఎత్తి జరపాలి, లాగితే పైచర్మం ఆగిపోయి లోపలి పొర జారుతుంది.

తిప్పేముందు చెప్పాలి. ‘ఇప్పుడు మిమ్మల్ని ఎడమవైపు తిప్పుతున్నాం, సరేనా?’ ఒళ్లు తుడిచేటప్పుడు తెర వేసి, ఆ భాగం మాత్రమే తెరిచి మిగతాది కప్పి ఉంచాలి. స్పృహలేని మనిషికీ అంతే. వాళ్లకు వినబడుతుందో లేదో మనకు రూఢిగా తెలియనప్పుడు, వినబడుతుందనుకునే మాట్లాడాలి. స్నానం చేయించే సమయం వార్డులో మరెప్పుడూ దొరకని అవకాశం. ఒంటిమీద ప్రతి అంగుళమూ కనబడుతుంది: సెలైన్ పెట్టిన చోట వాపు, పిక్కలో కొత్త నొప్పి, రొమ్ము కింద ఒరుసుకుపోయిన చర్మం, ఎవరికీ చెప్పని పాత దెబ్బ. అందుకే ఆ పనిని ‘చదువు అక్కర్లేని పని’ అనడం నాకు బాధ కలిగిస్తుంది. తోటివాళ్లకు అప్పగించినా, చూసిందేమిటో అడిగి తెలుసుకునే బాధ్యత నర్సుదే.

నొప్పి, తికమక

నొప్పిని కొలిచే మెషీన్ లేదు. రోగి ఎంతుందంటే అంతే ఉన్నట్టు, ఎప్పుడుందంటే అప్పుడున్నట్టు తీసుకోవాలని మార్గో మెకాఫ్రీ అనే నర్సు 1968లోనే చెప్పారు. అరవనివాళ్లకు నొప్పి లేదని, నవ్వుతూ ఫోన్ మాట్లాడేవాళ్లు అబద్ధమాడుతున్నారని అనుకోవడం ఇప్పటికీ పోలేదు. 0 నుంచి 10 లోపు ఎంతని అడగడంతో ఆపేయకుండా, దగ్గితే ఎంతుంది, నడిస్తే ఎంతుంది అని కూడా అడగాలి. ఆపరేషన్ అయిన మనిషి నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం పేరుకుంటుంది, నడవకపోతే కాళ్లలో రక్తం గడ్డకడుతుంది. నొప్పి మందు ఇచ్చాక మళ్లీ వచ్చి తగ్గిందా అని చూడటం కూడా అందులో భాగమే. మార్ఫిన్ లాంటిది ఇచ్చినప్పుడైతే మగత ఎంతుందో, శ్వాస ఎంత ఉందో కూడా చూడాలి. మగత పెరగడం శ్వాస మందగించడానికి ముందస్తు హెచ్చరిక.

మాట్లాడలేనివాళ్లకు ముఖం, పిడికిలి, మూలుగు, కదిపితే బిగుసుకోవడం చూసి తెలుసుకోవాలి.

ఉన్నట్టుండి వచ్చే తికమకను, అంటే డెలీరియంను, మతిమరుపుతో కలిపేయకూడదు. మతిమరుపు నెలలు, ఏళ్లమీద వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వచ్చి, పొద్దున తగ్గి రాత్రి పెరుగుతూ ఉంటుంది. సెలైన్ పీకేసి కేకలు వేసే మనిషిని అందరూ గమనిస్తారు. మాట్లాడకుండా, తినకుండా, నిద్రపోతున్నట్టు పడుకునే రకం ఎవరి కంటా పడదు. ‘ఈ పేషెంట్ చాలా బుద్ధిమంతుడు, అస్సలు ఇబ్బంది పెట్టడు’ అనిపించుకునే మనిషే ఎక్కువ ప్రమాదంలో ఉండొచ్చు. వెనక ఇన్ఫెక్షన్ ఉందేమో, మూత్రం బిగిసిందేమో, విరేచనం కాలేదేమో, ఆక్సిజన్ తగ్గిందేమో, కొత్త మందు ఏదైనా మొదలైందేమో వెతకాలి. కళ్లజోడు, వినికిడి మెషీన్ ఇవ్వడం, గోడ గడియారం కనబడేలా చూడటం, రాత్రి లైట్లు తగ్గించి నిద్రపోనివ్వడం, తెలిసిన మనిషిని పక్కన కూర్చోనివ్వడం మందులకు ముందు చేయాల్సిన పనులు. చేతులు కట్టేస్తే భయం పెరిగి పరిస్థితి ఇంకా దిగజారుతుంది.

కింద పడటం గురించీ ఇక్కడే చెప్పాలి. చాలామంది పడేది బాత్రూమ్‌కి వెళ్లే తొందరలో. మంచం కిందికి దించి, బ్రేకు వేసి, బెల్ చేతికందేలా పెట్టి, గంట గంటకూ ‘బాత్రూమ్‌కి వెళ్తారా?’ అని మనమే అడగడం మంచి రక్షణ. మంచానికి రెండువైపులా రెయిలింగ్ ఎత్తితే చాలనుకోవద్దు. తికమకలో ఉన్న మనిషి దాన్ని ఎక్కి ఇంకా ఎత్తునుంచి పడతాడు.

చేతులు

ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1847లో వియన్నాలో, ప్రసవాల వార్డులోకి వచ్చే డాక్టర్లు క్లోరిన్ సున్నపు నీళ్లలో చేతులు కడగాలని పట్టుబట్టాక బాలింత మరణాలు బాగా తగ్గాయి. క్రిముల సంగతి అప్పటికింకా రుజువు కాలేదు. ఇప్పుడు అన్నీ తెలిసినా హడావుడిలో దాటిపోయేది ఇదే. రోగిని తాకే ముందు, శుభ్రంగా చేయాల్సిన పనికి ముందు, ఒంటి ద్రవాలు అంటుకునే పని తర్వాత, రోగిని తాకిన తర్వాత, రోగి చుట్టూ ఉన్న వస్తువుల్ని తాకిన తర్వాత అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు సందర్భాలు చెబుతుంది. శానిటైజర్‌తో 20 నుంచి 30 సెకన్లు, సబ్బు నీళ్లతో 40 నుంచి 60 సెకన్లు. సి. డిఫిసైల్ అనే క్రిమి వల్ల విరేచనాలవుతుంటే శానిటైజర్ దాని బీజాల్ని చంపలేదు, సబ్బు నీళ్లే వాడాలి. గ్లౌజులు వేసుకున్నా చేతులు కడగాల్సిందే. యూరిన్ కాథెటర్, సెలైన్ కాన్యులా ఇంకా అవసరమా అని రోజూ అడగడం కూడా చేతుల శుభ్రతంత ముఖ్యం. తీసేసిన గొట్టం ద్వారా ఇన్ఫెక్షన్ రాదు.

డాక్టరుకు ఫోన్ చేయడం

రాత్రి రెండింటికి డాక్టరును లేపాలంటే భయం. ‘దీనికా లేపావ్?’ అంటారేమోనని తెల్లారేదాకా ఆగడం వల్ల ప్రాణాలు పోతాయి. చెప్పే మాటకు ఒక వరస ఉంటే ఆ భయం కొంత తగ్గుతుంది. అమెరికా నౌకాదళ జలాంతర్గాముల్లో పుట్టి, తర్వాత ఆసుపత్రుల్లోకి వచ్చిన ఎస్‌బార్ పద్ధతి అలాంటిదే: ఇప్పుడేం జరుగుతోంది, వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, మీరేం చేయాలి.

‘సార్, ఆరో వార్డు నుంచి. నిన్న పేగు ఆపరేషన్ అయిన పేషెంట్‌కి శ్వాస 26కి పెరిగింది, పల్స్ 118, బీపీ 98, కొత్తగా తికమకపడుతున్నారు. సాయంత్రం శ్వాస 16 ఉండేది. నాకు సెప్సిస్ అనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి, ఈలోగా ఏం మొదలుపెట్టమంటారు?’ ‘పేషెంట్ కొంచెం డల్‌గా ఉన్నారు సార్’ అన్నదానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. ఫోన్‌లో చెప్పిన ఆర్డరు రాసుకుని, తిరిగి చదివి వినిపించి, అవునని అనిపించుకోవాలి. డాక్టరు రానంటే పైవాళ్లకు చెప్పే దారి ప్రతి ఆసుపత్రిలోనూ ఉండాలి. ఆ దారిలో వెళ్లిన నర్సును వేధించే చోట రోగులకు భద్రత ఉండదు.

టైమ్ లేనప్పుడు ఏది పోతుంది

ఇదంతా చదివిన నర్సు అడిగే ప్రశ్న నాకు తెలుసు: టైమెక్కడిది? న్యాయమైన ప్రశ్నే. బియాట్రిస్ కాలిష్ 2006లో ప్రచురించిన పరిశోధనలో నర్సులు చేయలేక వదిలేస్తున్న పనులేమిటో బయటపెట్టారు. నడిపించడం, పక్కకు తిప్పడం, వేళకు తినిపించడం, విషయాలు వివరించడం, ఇంటికెళ్లే ఏర్పాట్లు, మనసుకు ధైర్యం చెప్పడం, శుభ్రత, తాగినదీ పోయినదీ రాయడం, గమనిస్తూ ఉండటం. పని ఎక్కువైనప్పుడు సెలైన్, ఇంజెక్షన్ ఆగవు, వాటికి లెక్క అడిగేవాళ్లుంటారు. ఆగిపోయేది ఎవరూ లెక్క అడగని ఈ పనులే. స్టాఫర్డ్‌లోనూ ఆగిపోయినవి ఇవే.

కాబట్టి దయ లోపించిందని నర్సును మాత్రమే నిలదీయడం సగం నిజం. లిండా ఐకెన్ బృందం తొమ్మిది యూరప్ దేశాల్లో, 300 ఆసుపత్రుల్లో, 4 లక్షలకు పైగా ఆపరేషన్ రోగుల వివరాలు పరిశీలించి 2014లో ప్రకటించిన ఫలితం ఇది: ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒకటి పెరిగితే, చేరిన 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతుంది. నర్సుల్లో డిగ్రీ చదివినవాళ్లు 10 శాతం పెరిగితే అది 7 శాతం తగ్గుతుంది. చాలినంతమంది నర్సుల్ని పెట్టకుండా, గోడ మీద ‘చిరునవ్వుతో సేవ’ అని పోస్టరు అంటించే యాజమాన్యం తన బాధ్యతను నర్సు ముఖానికి అంటగడుతోంది.

ఉన్న టైమ్‌లో కొంత చేయొచ్చు. గంటకోసారి వార్డు తిరిగి, నొప్పి ఉందా, పడుకున్న తీరు బాగుందా, బాత్రూమ్‌కి వెళ్లాలా, కావలసినవి చేతికందుతున్నాయా అని నాలుగు సంగతులు అడిగే పద్ధతి చాలా ఆసుపత్రుల్లో ఉంది. అది టిక్కు పెట్టే కాగితంగా మారనంతవరకు మంచిదే. ఎలాగూ బీపీ చూడటానికి మంచం దగ్గరికి వెళ్తాం. కఫ్ బిగుస్తున్న ఆ కొద్ది సెకన్లు మెషీన్ తెరనో, ఫోన్‌నో చూడొచ్చు, రోగినీ చూడొచ్చు. అందుకు అదనంగా టైమ్ అక్కర్లేదు.

షిఫ్టు మారేటప్పుడు డ్యూటీ అప్పగించడం కూడా నర్సుల గదిలో కన్నా మంచం పక్కన జరిగితే మేలు. కొత్త నర్సు రోగిని చూస్తారు, సెలైన్ ఎంతుందో ఇద్దరూ చూస్తారు, తప్పు చెబితే రోగే దిద్దుతారు. పక్క మంచాల వాళ్లు వినకూడని సంగతులు మాత్రం బయటకు వచ్చాకే చెప్పుకోవాలి.

ఇంటికి పంపేటప్పుడు

డిశ్చార్జ్ రోజున కాగితాలు చేతిలో పెట్టి ‘అర్థమైందా?’ అంటే అందరూ అర్థమైందనే అంటారు. ఇంటికెళ్లే ఆత్రంలో ఉన్న మనిషి ఇంకేమంటారు? అందుకని చెప్పినదాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. ‘నేను సరిగా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంట్లోవాళ్లు అడిగితే ఈ మాత్ర గురించి ఏం చెబుతారు?’ అని అడిగితే పరీక్ష పెట్టినట్టు ఉండదు. ఏ మందు ఆపాలో, ఏది కొత్తదో, ఏది మోతాదు మారిందో విడిగా చెప్పాలి. ఇంట్లో మిగిలిన పాత మాత్రలూ, కొత్త పేరుతో రాసిన అదే మందూ కలిపి వేసుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఏ లక్షణం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా రావాలో రెండు మూడు మాటల్లో, పెద్ద అక్షరాలతో రాసివ్వాలి. తిరిగి చెప్పినది తప్పయితే అదే వాక్యాన్ని గట్టిగా మళ్లీ చెప్పడం పనికిరాదు. వేరే మాటల్లో చెప్పి, ఇంకోసారి చెప్పించుకోవాలి.